బటన్‌కు కనిష్ఠ వెడల్పు దేనితో కొలవాలి? మిన్-విడ్త్ ఎంపికల పోలిక

ఒక చిన్న పెట్టెలో పక్కపక్కన "సరే", "రద్దు చేయి" అనే రెండు బటన్లు ఉన్నాయనుకుందాం. స్టైల్ నియమాలేవీ రాయకపోతే మొదటిది రెండక్షరాలంత జాగాలో ముడుచుకుంటుంది, రెండోది దానికి రెండింతలు సాగుతుంది. చూపుకు జత కుదరదు, ఫోన్‌లో మొదటిదాని మీద వేలు కుదురుగా పడదు. దీనికి వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో ఉన్న ఉపాయం మిన్-విడ్త్, అంటే కనిష్ఠ వెడల్పు. 1998లో వెలువడిన సీఎస్ఎస్ రెండో స్థాయి ప్రమాణంలోనే ఈ ప్రాపర్టీ ఉన్నా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 దాన్ని పట్టించుకోలేదు. 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా చాలామంది నేరుగా విడ్త్‌నే బిగించేవారు, ఆ అలవాటు నేటికీ పూర్తిగా పోలేదు. ఇంగ్లీషు మాట ఉన్నంతకాలం దాని లోపం కనబడదు. నేను ఒక దరఖాస్తు ఫారాన్ని తెలుగులోకి తెస్తున్నప్పుడు, 80 పిక్సెళ్లకు బిగించిన బటన్‌లో "సమర్పించండి" అని రాయగానే చివరి అక్షరాలు అంచు దాటి పక్క బటన్ మీదికి ఎక్కాయి. అక్కడ మిన్-విడ్త్ ఉండి ఉంటే బటన్ తనంతట తానే పెరిగేది.

అయితే మిన్-విడ్త్ వాడాలని నిశ్చయించుకున్నంత మాత్రాన పని అయిపోదు. విలువను పిక్సెళ్లలో రాయాలా, ఫాంటు పరిమాణాన్ని బట్టి మారే ఈఎంలోనా, "0" అంకె వెడల్పును బట్టి లెక్కించే సీహెచ్‌లోనా, శాతంలోనా, లేక మిన్-కంటెంట్ వంటి మాటతోనా అన్నది తేల్చుకోవాలి. తొందరలో ఉన్నవారికి నా సలహా ఇది: మాట రాసి ఉన్న మామూలు బటన్‌కు ఈఎం, బొమ్మ మాత్రమే ఉన్న బటన్‌కు పిక్సెళ్లు, అంకెల పెట్టెకు సీహెచ్ వాడండి. ఒకే వరుసలోని బటన్లన్నీ సమానంగా ఉండాలనుకుంటే మాత్రం అసలు సంఖ్యే రాయకుండా, వస్తువులను గళ్లలో అమర్చే గ్రిడ్‌కు అప్పగించండి. కారణాలు, మినహాయింపులు కింద ఉన్నాయి. మినహాయింపులే ఎక్కువ చోటు తీసుకుంటాయి.

ముందుగా తెలియవలసినవి

మిన్-విడ్త్ పెంచగలదే గాని తగ్గించలేదు. బ్రౌజర్ మొదట విడ్త్ ప్రకారం ఒక వెడల్పును అనుకుంటుంది, అది మాక్స్-విడ్త్‌ను దాటితే అక్కడికి కత్తిరిస్తుంది, చివరగా మిన్-విడ్త్‌కు తక్కువైతే అంతవరకు పెంచుతుంది. చివరి మాట మిన్-విడ్త్‌దే కాబట్టి, మాక్స్-విడ్త్ 100% అని రాసి ఉన్నా సరే, కనిష్ఠం తెరకన్నా పెద్దదైతే బటన్ తెర దాటి పొర్లుతుంది. ఇదే కారణంగా పిన్‌కోడ్ పెట్టెను చిన్నదిగా చేయడానికి మిన్-విడ్త్ పనికిరాదు. టెక్స్ట్ ఇన్‌పుట్‌కు సైజ్ విలువ డిఫాల్ట్‌గా 20 ఉంటుంది, అంటే అది సుమారు ఇరవై అక్షరాల వెడల్పుతోనే పుడుతుంది. దాన్ని ఆరంకెలకు కుదించాలంటే విడ్త్‌నో సైజ్‌నో మార్చవలసిందే.

స్పాన్, యాంకర్ (లింకు) వంటి, మాటల వరుసలోనే ఇమిడే ఇన్‌లైన్ ఎలిమెంట్ల మీద మిన్-విడ్త్ అసలు పనిచేయదు. వాటిని ఇన్‌లైన్-బ్లాక్‌గా మార్చాలి, లేదా ఫ్లెక్స్ కంటైనర్‌లో (లోపలి వాటిని వరుసగా పేర్చి, చోటును బట్టి సాగదీసే, కుదించే పెట్టెలో) పెట్టాలి. అలా మార్చాక కూడా ఇంకో చిక్కు మిగిలి ఉంటుంది. బటన్ ఎలిమెంట్‌కు బ్రౌజర్లు డిఫాల్ట్‌గా బోర్డర్-బాక్స్ లెక్కను (ప్యాడింగ్ అనే లోపలి ఖాళీ, అంచు గీత కలిపిన వెడల్పు) ఇస్తాయి, లింకుకు కంటెంట్-బాక్స్ లెక్క (అవి కలపని వెడల్పు) వర్తిస్తుంది. ఫాంటు 16 పిక్సెళ్లు, ప్యాడింగ్ అటూ ఇటూ 16, గీత ఒక్కో పిక్సెల్, మిన్-విడ్త్ 6 ఈఎం అని రెండింటికీ ఒకే నియమం రాశామనుకోండి. "సరే" అనే బటన్ 96 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది, బటన్ వేషం వేసిన లింకు 130 పిక్సెళ్లకు చేరుతుంది. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఈ 34 పిక్సెళ్ల తేడా ఎక్కడిదో వెతుక్కుంటూ పూట గడిపినవారు చాలామందే ఉంటారు. పేజీ మొదట్లోనే అన్నింటికీ బాక్స్-సైజింగ్‌ను బోర్డర్-బాక్స్‌గా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

పిక్సెళ్లు, ఈఎం, రెమ్

ఈ పోలికలో కొలమానం కన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఈ కనిష్ఠం ఎవరి కోసం అన్నది. వేలి కోసమైతే పిక్సెళ్లే సరైనవి, ఎందుకంటే ఫాంటు పెద్దది చేసినంత మాత్రాన చదివేవారి వేలు లావు కాదు. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు నియమాలు చెప్పే, 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం, తాకదగిన లక్ష్యానికి ఏఏ స్థాయిలో కనీసం 24 పొడవు, 24 వెడల్పు సీఎస్ఎస్ పిక్సెళ్లను అడుగుతుంది. అంతకన్నా కఠినమైన ఏఏఏ స్థాయిలో ఆ సంఖ్య 44. పేజీ సంఖ్యల వరుసలో "1", "2" అని ఉండే చిన్న బటన్లకు, మూసివేత గుర్తుకు, అక్షరమాల సూచికలో "అ", "ఆ" అని ఉండే గళ్లకు ఈ లెక్క చాలు.

మాట కోసమైతే కనిష్ఠం అక్షరంతోపాటు పెరగాలి. చదివేవారు బ్రౌజర్ సెట్టింగులలో ఫాంటును 16 నుంచి 24కు పెంచారనుకోండి. 6 రెమ్ (రెమ్ అంటే పేజీ మూల ఫాంటు పరిమాణం) అని రాసిన కనిష్ఠం 96 నుంచి 144 పిక్సెళ్లకు పెరిగి "సరే", "రద్దు చేయి" మధ్య నిష్పత్తిని కాపాడుతుంది, 96 పిక్సెళ్లని రాసిన కనిష్ఠం ఉన్నచోటే ఉంటుంది. నిజం చెప్పాలంటే దీనివల్ల పెద్ద నష్టమేమీ లేదు, మాట పెరిగితే బటన్ ఎలాగూ దానితోపాటే పెరుగుతుంది, పోయేది పొందిక మాత్రమే. విడ్త్‌ను పిక్సెళ్లలో బిగించడంతో పోలిస్తే మిన్-విడ్త్‌ను పిక్సెళ్లలో రాయడం చాలా చిన్న తప్పు. ఫాంటుతో ముడిపెట్టడం కొత్త ఆలోచన కూడా కాదు. విండోస్ డైలాగులలో కమాండ్ బటన్‌కు చెప్పే 75 పిక్సెళ్ల వెడల్పు వెనుక ఉన్నది 50 డైలాగ్ యూనిట్లు, ఆ యూనిట్‌ను లెక్కించేది ఫాంటులోని అక్షరం సగటు వెడల్పును బట్టే.

ఈఎం, రెమ్ మధ్య ఎంపికలో ఒక చోట దెబ్బతినే అవకాశం ఉంది. బ్రౌజర్లు బటన్‌కు పేజీ ఫాంటును ఇవ్వవు. సాధారణంగా 13.333 పిక్సెళ్ల సొంత ఫాంటును తగిలిస్తాయి. అందువల్ల బటన్ మీద 6 ఈఎం అని రాస్తే వచ్చేది 96 కాదు, 80. పైగా పేజీకి మీరు ఎంచుకున్న తెలుగు ఫాంటు కూడా బటన్ లోపలికి వెళ్లదు, బటన్ మీది "భద్రపరచు" వేరే ముఖంతో, వేరే వెడల్పుతో కనబడుతుంది. బటన్, ఇన్‌పుట్, సెలెక్ట్‌లకు ఫాంట్ విలువగా ఇన్హెరిట్ (తల్లి ఎలిమెంట్‌దే తీసుకో) అని ఒక్క నియమం రాస్తే రెండు సమస్యలూ తీరుతాయి. ఆ తరువాత నేను ఈఎంనే వాడతాను, ఎందుకంటే చిన్న ఫాంటు వాడే పట్టీలో బటన్ కూడా ఆ మేరకు చిన్నదవుతుంది. రెమ్ అయితే అక్కడ కూడా పెద్ద బటన్ కొలతే పట్టుకుని కూర్చుంటుంది. పేజీ అంతటా బటన్లు ఒకే కొలతలో ఉండాలన్నది మీ నిర్ణయమైతే రెమ్ మంచిది. వేలు, మాట రెండూ ముఖ్యమైన చోట మాక్స్ ఫంక్షన్‌తో 44 పిక్సెళ్లు, 5 ఈఎం రెండింటిలో పెద్దది తీసుకోమని చెప్పవచ్చు. మిన్, మాక్స్, క్లాంప్ ఫంక్షన్లు 2020 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉన్నాయి కాబట్టి భయపడనక్కరలేదు.

ఈఎం, రెమ్‌లతో వచ్చే ప్రమాదం చిన్న తెర మీద బయటపడుతుంది. డబ్ల్యూసీఏజీ ప్రకారం 320 పిక్సెళ్ల వెడల్పులో పేజీ అడ్డంగా జరపనక్కరలేకుండా ఇమడాలి. 1280 పిక్సెళ్ల తెరను 400 శాతానికి పెంచితే మిగిలే వెడల్పు అదే. అటూ ఇటూ 16 పిక్సెళ్ల అంచు తీసేస్తే 288 మిగులుతాయి. 9 రెమ్ కనిష్ఠంతో రెండు బటన్లు, మధ్య 12 పిక్సెళ్ల ఖాళీ అంటే మామూలు ఫాంటుకే 300 అవుతుంది. ఫాంటు 24 అయితే ఖాళీని లెక్కపెట్టకుండానే 432. వరుసకు ఫ్లెక్స్-ర్యాప్ ఇస్తే రెండో బటన్ కిందికి దిగుతుంది. ఒంటరి బటన్ కూడా తెర దాటకుండా ఉండాలంటే కనిష్ఠాన్ని మిన్ ఫంక్షన్‌లో 9 రెమ్, 100% అని రాయాలి, రెండింటిలో చిన్నది పనిచేస్తుంది. ఈ ఉపాయం కూడా అన్నిచోట్లా పారదు. తల్లి పెట్టె తన వెడల్పును లోపలి వస్తువులను బట్టి తేల్చుకునే రకమైతే, ఆ లెక్క వేసేటప్పుడు బ్రౌజర్ 100%ను సున్నాగా తీసుకుంటుంది. దాంతో కనిష్ఠం ఉండీ లేనట్టే, "సరే" మళ్లీ ముడుచుకుంటుంది. వెడల్పు ముందే తెలిసిన తల్లి పెట్టెలోనే దీన్ని వాడాలి. శాతాన్ని ఒంటరిగా కనిష్ఠంగా రాయడానికి నాకు మాత్రం ఇంతవరకు మంచి సందర్భం దొరకలేదు.

సీహెచ్, తెలుగు అక్షరం

సీహెచ్ అనేది అక్షరాల సంఖ్య అని చాలామంది పొరబడతారు. అది వాడుకలో ఉన్న మొదటి ఫాంటులోని "0" అంకె వెడల్పు మాత్రమే. ఫాంట్ల జాబితాలో ఇంగ్లీషు ఫాంటు ముందుండి తెలుగు ఫాంటు తరువాత ఉంటే సున్నా ఇంగ్లీషు ఫాంటుదవుతుంది, తెరమీద కనిపించే తెలుగుకు దానితో సంబంధమే ఉండదు. "భద్రపరచు" అన్నది ఐదక్షరాల మాట కదా అని 5 సీహెచ్ రాస్తే ఆ లెక్క దేనికీ అతకదు, ఎందుకంటే "ర"కూ "ఝ"కూ వెడల్పు ఒకటి కాదు, ఒత్తు కొన్నిసార్లు కిందికి, కొన్నిసార్లు పక్కకు పెరుగుతుంది. చైనా, జపాన్ లిపుల కోసం నీటిని సూచించే అక్షరం వెడల్పును కొలతగా తీసుకునే ఐసీ అనే కొలమానం సీఎస్ఎస్‌లో ఉంది. తెలుగు అక్షరానికి అలాంటిది లేదు. సీహెచ్‌ను అంకెలకే వదిలేయడం మేలు. ఆధార్ సంఖ్యలోని 12 అంకెలను నాలుగేసి చొప్పున విడదీసి చూపే పెట్టెకు రెండు ఖాళీలతో కలిపి 14 సీహెచ్, దానికి అదనంగా ప్యాడింగ్ అని లెక్క వేసుకుంటే దాదాపు అతికినట్టు సరిపోతుంది.

మాటనే కొలతగా తీసుకోవడం

మిన్-కంటెంట్ అంటే లోపలి విషయంలో విరగ్గొట్టడానికి వీలులేని అతి పొడవైన ముక్క వెడల్పు. తెలుగులో బ్రౌజర్ పంక్తిని ఖాళీల దగ్గరే విరుస్తుంది కాబట్టి "రద్దు చేయి"కి మిన్-కంటెంట్ "రద్దు", "చేయి" అనే రెండింటిలో పెద్దదాని వెడల్పు. "సమర్పించండి"కి మాత్రం మొత్తం మాట. ఒక మాటకు ప్రత్యయాలన్నీ అతుక్కుపోయే మన భాషలో ఈ తేడా ఇంగ్లీషులో కన్నా బరువుగా పడుతుంది. మాక్స్-కంటెంట్‌ను కనిష్ఠంగా ఇస్తే మాట ఎన్నడూ రెండు పంక్తులు కాదు, కాని "పాస్‌వర్డ్ మార్చుకోవడానికి ఇక్కడ నొక్కండి" వంటి బటన్ చిన్న తెరను దాటిపోతుంది. మూడు మాటలకు మించని లేబుళ్లకే దాన్ని పరిమితం చేయాలి.

పొడవైన మాట పొర్లకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్ పెట్టేవారు దాని రెండు విలువల మధ్య తేడాను గమనించాలి. ఎనీవేర్ అని రాస్తే మాటను ఎక్కడైనా విరగ్గొట్టవచ్చన్న సంగతి మిన్-కంటెంట్ లెక్కలోకి కూడా వస్తుంది. అంటే కనిష్ఠం ఒక్క అక్షరమంత వెడల్పుకు పడిపోయి, ఇరుకు వరుసలో బటన్ నిలువునా అక్షరాల గొలుసులా తయారవుతుంది. బ్రేక్-వర్డ్ అని రాస్తే అవసరమైనప్పుడు విరుస్తుంది గాని లెక్కను మార్చదు. బటన్లకు రెండోదే క్షేమం.

కనిష్ఠం రాయడమే రక్షణ తీసేసే చోటు

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే అది ఇదై ఉండాలని నా కోరిక. ఫ్లెక్స్ కంటైనర్‌లోని వస్తువులకు మిన్-విడ్త్ డిఫాల్ట్ విలువ సున్నా కాదు, ఆటో. ఆటో అంటే మామూలుగా మిన్-కంటెంట్ కన్నా కుంచించుకుపోవద్దని అర్థం. బటన్ మీద 5 ఈఎం అని మీరు రాసిన మరుక్షణం ఆ ఆటో రద్దవుతుంది. వరుసలో చోటు చాలనప్పుడు, ఎనిమిది ఈఎంల "సమర్పించండి" ఉన్న బటన్‌ను కూడా బ్రౌజర్ మీరు అనుమతించిన 5 ఈఎం దాకా నొక్కేస్తుంది, మాట అంచు దాటి బయటికి వస్తుంది. కనిష్ఠం పెట్టి బటన్‌ను కాపాడామనుకున్నవారు నిజానికి దానికున్న రక్షణను తీసేసినవారవుతారు. ఇంగ్లీషు లేబుళ్లు 5 ఈఎం లోపలే ఉంటాయి గనుక పరీక్షలో ఇది దొరకదు. ఇటువంటి బటన్‌కు ఫ్లెక్స్-ష్రింక్ (కుంచించుకునే గుణం) సున్నా చేయాలి, వరుసకు ఫ్లెక్స్-ర్యాప్ ఇవ్వాలి, బటన్‌కు మాక్స్-విడ్త్ 100% పెట్టాలి. మూడూ కలిస్తేనే 5 ఈఎం కనిష్ఠం కనిష్ఠంగా పనిచేస్తుంది.

వెతుకు పెట్టె దగ్గర కథ తిరగబడుతుంది. ఇన్‌పుట్, పక్కన "వెతుకు" బటన్ ఒకే ఫ్లెక్స్ వరుసలో ఉంటే, ఇన్‌పుట్ తన ఇరవై అక్షరాల వెడల్పు కన్నా తగ్గనంటుంది, చిన్న ఫోన్‌లో బటన్ తెర బయటికి జరుగుతుంది. ఇక్కడ ఆ ఆటో రక్షణే అడ్డం కాబట్టి ఇన్‌పుట్‌కు మిన్-విడ్త్ సున్నా అని రాయాలి. ఫ్లెక్స్-బేసిస్‌గా 12 రెమ్ ఇవ్వవచ్చు. అది కోరిక మాత్రమే, చోటు లేకపోతే తగ్గుతుంది. కనిష్ఠం మాత్రం తగ్గదు.

ఫారంలోని పెట్టెలను గుంపుగా చుట్టే ఫీల్డ్‌సెట్‌లో కూడా ఇలాంటిదే దాగి ఉంది. బ్రౌజర్లు దానికి మిన్-కంటెంట్ కనిష్ఠాన్ని తామే ఇస్తాయి. లోపల జిల్లాల జాబితా ఉన్న సెలెక్ట్ పెట్టామనుకోండి. సెలెక్ట్ తన వెడల్పును జాబితాలోని అతి పొడవైన పేరును బట్టి తీసుకుంటుంది. వాడేవారు "గుంటూరు" ఎంచుకున్నా సరే, జాబితాలో "డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ" ఉన్నందువల్ల పెట్టె అంత సాగుతుంది, ఫీల్డ్‌సెట్ దానికన్నా తగ్గదు, ఫారమంతా పక్కకు పొర్లుతుంది. ఫీల్డ్‌సెట్‌కు మిన్-విడ్త్ సున్నా, సెలెక్ట్‌కు మాక్స్-విడ్త్ 100% ఇవ్వడం దీనికి విరుగుడు. అదే సెలెక్ట్ మొదట "జిల్లాను ఎంచుకోండి" అన్న ఒక్క వరుసతో ఉండి, రాష్ట్రం ఎంచుకున్నాక నిండేదైతే, పేజీ ఒక్కసారిగా ఎగిరిపడకుండా మిన్ ఫంక్షన్‌తో 16 ఈఎం, 100% అని కనిష్ఠం రాయడం సమంజసం.

సంఖ్యే లేకుండా

బటన్లన్నీ సమానంగా కనబడాలన్నదే అసలు కోరికైతే సంఖ్యను ఊహించడం వృథా. తల్లి పెట్టెను ఇన్‌లైన్-గ్రిడ్ చేసి, గ్రిడ్-ఆటో-ఫ్లోను కాలమ్‌గా, గ్రిడ్-ఆటో-కాలమ్స్‌ను 1 ఎఫ్ఆర్‌గా (ఒక సమాన వాటాగా) పెడితే, వరుసలోని అతి వెడల్పైన బటన్‌కు మిగతావన్నీ సమానమవుతాయి. ఇంగ్లీషులో ఒక కొలత, తెలుగులో ఇంకో కొలత దానంతట అదే వస్తుంది. ఫారం కార్డుల వంటి పెద్ద గళ్లకు ఆటో-ఫిట్‌తో మిన్‌మాక్స్ వాడి, కనిష్ఠంగా 16 రెమ్, 100%లలో చిన్నదాన్ని ఇవ్వడం మంచిది.

లేబుల్ మారే బటన్‌కు కూడా ఇదే దారి. నొక్కగానే "పంపు" కాస్తా "పంపుతున్నాం…" అవుతుంది, బటన్ సాగి పక్కవాటిని నెడుతుంది. రెండు లేబుళ్లనూ బటన్ లోపల ఒకే గ్రిడ్ గడిలో ఒకదాని మీద ఒకటి పెట్టి, అక్కరలేనిదాన్ని విజిబిలిటీతో దాచితే, గడి ఎప్పుడూ పెద్ద లేబులంత ఉంటుంది. 10 ఈఎం అని ఊహించడం కన్నా ఇది నమ్మకమైనది, అనువాదం మారినా పాడవదు.

డెస్క్‌టాప్‌లో

డెస్క్‌టాప్ ప్రోగ్రాముల కిటికీలు, బటన్లు తయారుచేసే సాధనమైన క్యూటీలో స్టైల్ షీట్లు చూడడానికి సీఎస్ఎస్ లాగే ఉన్నా, కొలమానాలు పిక్సెల్, పాయింట్, ఈఎం, ఈఎక్స్‌లకే పరిమితం. శాతం, రెమ్ లేవు. మిన్-విడ్త్ లోపలి విషయానికే వర్తిస్తుంది. క్యూటీ డాక్యుమెంటేషన్‌లోని ఎర్ర బటన్ ఉదాహరణలో ఫాంటు 14 పిక్సెళ్లు, కనిష్ఠం 10 ఈఎం, ప్యాడింగ్ 6, గీత 2. కనుక ఆ బటన్ 10 ఈఎం దగ్గర ఆగదు, ఇంకో 16 పిక్సెళ్లు పెరుగుతుంది. ఫ్లెక్స్‌లో చెప్పిన ప్రమాదం ఇక్కడ కూడా ఉంది. కనిష్ఠం రాయకపోతే క్యూటీ దాన్ని విషయాన్ని బట్టి తేల్చుకుంటుంది, రాస్తే మాటకు చాలనంతగా కూడా విడ్జెట్ (బటన్ వంటి భాగం) కుంచించుకుపోవచ్చు. అలాంటి మరో సాధనమైన జీటీకే పద్ధతి దీనికి భిన్నం. 2016లో వచ్చిన 3.20 వెర్షన్‌తో మిన్-విడ్త్ చేరింది గాని, విడ్జెట్ తనకు అవసరమైన కనిష్ఠం, మీరు రాసిన కనిష్ఠం రెండింటిలో పెద్దదే అక్కడ చెల్లుతుంది. ఈ విషయంలో జీటీకే నిర్ణయమే నాకు తెలివైనదిగా కనబడుతుంది, అయితే మాక్స్-విడ్త్ లేకపోవడం దాని లోటు.

కాబట్టి క్యూటీలో పనిచేసేవారు అతి పొట్టి లేబుల్‌ను చూసి కాక, అనువాద ఫైలులోని అతి పొడవైన ఒంటిమాటను చూసి కనిష్ఠాన్ని ఈఎంలో రాయాలి. ఆ తరువాత కిటికీని తెలుగులో తెరిచి, కుడి అంచు పట్టుకుని ఎడమకు మెల్లగా లాగి చూడాలి. ఇంకా చిన్నది కాలేనని కిటికీ ఆగిపోయేలోపే "సమర్పించండి" తెగడం మొదలైతే, రాసిన సంఖ్య చాలలేదన్నమాట.